కరెంటు పోయినా నిద్ర లేవని పాప

ఈ మాట ఏళ్ల తరబడి నా గొంతులోనే ఉంది. మింగుడు పడదు, బయటికి రాదు. మీరెవరో నాకు తెలియదు, అందుకే మీకు చెప్పగలుగుతున్నాను. నా కూతురికి చెవులు వినపడవని దాని పసితనంలోనే నాకు తెలుసు. తెలిసీ దాచాను.

మాది హిందూపురం. నన్ను ధర్మవరంలో ఇచ్చారు. అత్తగారింట్లో పవర్‌లూమ్ షెడ్డు ఉంది. పిల్లల ఉయ్యాలలు ఆ షెడ్డులోనే కట్టేవాళ్లం. మగ్గాల మోతకు హాయిగా నిద్రపోయేవాళ్లు. కరెంటు పోయి మోత ఆగిందంటే మాత్రం ఉలిక్కిపడి లేచేవాళ్లు. ఒకరోజు అలా కరెంటు పోగానే పక్క ఉయ్యాలలో తోటికోడలి కొడుకు లేచి గుక్కపట్టి ఏడుస్తున్నాడు. నా పాప కదల్లేదు. మా అత్త వచ్చి చూసింది.

"కరెంటు పోయినా పాప లెయ్యలేదేమ్మా?"

"మొద్దునిద్ర అత్తా. వాళ్ల నాయన మాదిరే."

ఆమె నవ్వి వెళ్లింది. నేను పాప చెవి దగ్గర గట్టిగా చప్పట్లు కొట్టి చూశాను, లేవలేదు. మా చిన్న మేనమామ పుట్టుచెవిటివాడు. ఆ సంగతి దాచే నా పెళ్లి చేశారు. పెద్ద మేనమామ నన్ను పెళ్లి మంటపానికి తెస్తుంటే, చిన్న మామను పెనుకొండలో అమ్మమ్మ ఇంటి కాపలాకు వదిలేశారు. పాప సంగతి తెలిస్తే అదీ బయటపడుతుంది, నన్ను పుట్టింటికి పంపేస్తారు అని భయపడ్డాను. భయమేనా? ఆ ఇంట్లో అందరూ నన్ను మంచి కోడలు అంటుంటే ఆ పేరు పోగొట్టుకోవడం ఇష్టంలేక, బిడ్డ కన్నా ఆ పేరునే ఎక్కువ చూసుకున్నానేమో అని ఇప్పుడు అనిపిస్తుంది.

ఒకసారి అంగన్‌వాడీ టీచర్ వచ్చి పాప వెనక గిలక్కాయ ఆడించింది. ఒళ్లో ఉన్న పాప తొడను నేను వేలితో నొక్కాను. పాప తల తిప్పింది. బాగానే వింటోందని టీచర్ వెళ్లిపోయింది. ఆ వేలిని ఏం చేయాలి?

మాటలు రావడం లేదని చివరికి మా ఆయన పెద్దాసుపత్రికి తీసుకెళ్లాడు. అప్పటికే బడి ఈడు వచ్చేసింది. మెదడు మాటలు నేర్చేది మొదటి ఏళ్లలోనేనట. అప్పుడే తెచ్చి చెవి మిషన్ పెట్టించి ఉంటే మాటలు వచ్చేవేమో అన్నాడు డాక్టరు. ఎప్పుడు గమనించారని అడిగాడు. ఈమధ్యే అన్నాను.

మేం ఇంటికి వచ్చి చెప్పగానే మా అత్త షెడ్డులో ఉయ్యాల కొక్కేలు పీకించింది. తన మగ్గాల మోతే మనవరాలి చెవులు తినేసిందని నమ్మింది. పోయేముందు కూడా నా చేయి పట్టుకుని, "నేనే ఆడ ఉయ్యాల కట్టించినానమ్మా" అని ఏడ్చింది. కాదత్తా అనడానికి ఎంతసేపు పడుతుంది? అనలేదు. ఆ నిందతోనే ఆమె పోయింది.

నా కూతురు ఇప్పుడు అదే షెడ్డులో నేస్తోంది. ఎదుటివాళ్ల పెదవులు చూసి మాట పోల్చుకుంటుంది. అందుకే నేను దాని వెనక నిలబడి, మగ్గాల మోతలో చాలాసార్లు చెప్పుకున్నాను. అది చెప్పడమా?

నిన్నా అలాగే నిలబడ్డాను. "నాకు తెలుసు తల్లీ. నేనే దాచినాను" అని గట్టిగా అంటుండగా కరెంటు పోయింది. నా గొంతు షెడ్డంతా వినపడింది. తోటికోడలు చేతిలో పని ఆపి నన్ను చూసింది. నా కూతురు మాత్రం తెగిన పోగు ముడి వేసుకుంటూ ఉంది.

నా కూతురి ఎదుటికి వెళ్లే ధైర్యం నాకు ఇంకా రాలేదు. అది క్షమిస్తుందని ఆశ కూడా లేదు. కానీ ఆ మాట ఇక నా ఒక్కదాని దగ్గరే లేదు. రాత్రి చాలా ఏళ్ల తర్వాత నాకు నిద్ర పట్టింది, అందుకూ సిగ్గుగానే ఉంది.