రెయిలింగ్ లేని ర్యాంపు

స్కౌట్ మాస్టారి జేబులో ఎప్పుడూ మూరెడు తాడు ఉండేది. కోపం వస్తే దాన్ని బయటికి తీసి ముడులు వేసేవారు. కోపం రాని పూట తక్కువ కనుక తాడు కొసలు పీచు తేలిపోయాయి. ఆయన దళంలో పెద్దమ్మాయి స్కౌట్ల పెద్ద పతకం కోసం లైబ్రరీ ముందు చక్రాల కుర్చీల కోసం ర్యాంపు కట్టింది. రెయిలింగ్ బిగించేలోపే ఆమెకు పద్దెనిమిదేళ్ళు నిండి, ఆ పతకానికి గడువు దాటిపోయింది. కాలేజీ దరఖాస్తు పట్టుకుని వాళ్ళ నాన్న వచ్చాడు.

"పతకం వచ్చిందని రాసేద్దాం మాస్టారూ. ఇంచుమించు వచ్చినట్టేగా."

తాడు బయటికొచ్చింది. "ఇంచుమించు ఈత వచ్చినవాణ్ణి ఏట్లోకి తోస్తావా?"

"పోనీ, దరఖాస్తులో ర్యాంపు మాటే తీసేస్తాను," అంది అమ్మాయి.

ఆయన ఆమె మీద ఇంకా మండిపడ్డారు. "ఎందుకు తీసేస్తావే? ఇసుక మోసింది నీ వీపు కాదూ? ర్యాంపు కట్టాను, రెయిలింగ్ మిగిలిపోయింది, పతకం రాలేదు అని రాయి."

"సీటు పోతే?" అన్నాడు తండ్రి.

"పోతే నన్ను తిట్టుకో."

ఆమె అలాగే రాసింది. కోరుకున్న కాలేజీ పిలవలేదు, రెండోది పిలిచింది. వెళ్ళేముందు మాస్టారు దగ్గరుండి ఆమె చేత రెయిలింగ్ బిగింపించారు. ఇప్పుడు బిగిస్తే పతకం ఇస్తారా అని ఆమె గొణిగితే, "ముసలాళ్ళ మోకాళ్ళకి గడువుండదే," అని కసిరారు.

చివరి ఏడాది ఆ రెయిలింగ్ పట్టుకునే ఆయన లైబ్రరీలోకి ఎక్కేవారు. మధ్యలో ఒక బోల్టు వదులు. అక్కడ ఆగి, ఆమెను తిట్టి, మళ్ళీ కదిలేవారు. ఆ బోల్టు ఇప్పటికీ ఊగుతూనే ఉంది. తిట్టేవారే లేరు.