వేడికి తోవ చూపిన మామయ్య

బతుకమ్మ పండుగ ఇంకా మొదలుకాకముందే మా మామయ్య వెళ్లిపోయారు. పొద్దున ఉప్పల్‌లో మా ఇంటి మెట్ల మీద కూర్చుని బూట్లు వేసుకుంటూ గోడకు ఆనుకున్నారు, మళ్లీ లేవలేదు. దవాఖానాకు తీసుకుపోయేసరికే ప్రాణం పోయిందన్నారు. తెలంగాణ వచ్చిన రోజు షెడ్డు ముందు నిలబడి, దారిన పోయేవాళ్లను ఆపి ఆపి లడ్డూలు పెట్టిన మనిషి ఆయన. కబురు తెలిసి నాచారంలో మా వరుస షెడ్లవాళ్లంతా షట్టర్లు దించి వచ్చారు. వాళ్లలో ఒకాయన, "ఈ తొవ్వల సక్కగ ఆగే బండ్లల్ల సగం ఈయన చెయ్యి వడ్డయే" అన్నాడు. ఆ ఏడుపులో కూడా ఆ మాటకు నా తల కొంచెం పైకి లేచింది.

మామయ్య బ్రేకుల మనిషి. బస్సు డిపోలో చాలా ఏళ్లు పనిచేసి, తర్వాత నాచారం పారిశ్రామికవాడలో చిన్న షెడ్డు తీసుకుని ఒక లేతు మిషను పెట్టారు. లారీల బ్రేకు డ్రమ్ములు, కార్ల బ్రేకు డిస్కులు గాట్లు పడితే చెక్కి నునుపు చేసేవారు. ఎవరైనా ఇంజను పని తెస్తే పక్క షెడ్డు చూపించేవారు. "బండిని ఉరికిచ్చెటోళ్లు మస్తుమంది ఉన్నరు బిడ్డా. ఆపెటోళ్లే తక్కువ" అనేవారు.

నేను కోడలిగా వచ్చిన కొత్తలో ఆయనకు మధ్యాహ్నం అన్నం గిన్నె తీసుకుపోవడం నా పని. మా ఆయనకు మందుల కంపెనీలో షిఫ్టు డ్యూటీ. మా వైపు కోడలు మామ ఎదుట కూర్చోదు. ఆయన తినేదాకా షెడ్డు గుమ్మంలో కొంగు సవరించుకుంటూ నిలబడేదాన్ని. కొన్నాళ్లు చూసి ఆయన ఒక పాత టైరు మీద గోనెసంచి పరిచి, "కూసో బిడ్డా" అన్నారు. కూర్చోలేదు. మర్నాడు ఆయనే గిన్నె తీసుకుని గోడవైపు తిరిగి కూర్చున్నారు.

"నేనిటు మల్లి తింట. నాకేం గనవడది. ఇగ కూసో."

అప్పుడు కూర్చున్నాను. ఆ రోజు నుంచి ఆయన గోడను చూస్తూనే అన్నం తిన్నారు. కోడలి సిగ్గును పోగొట్టాలని ఆయన చూడలేదు, దానికి కాస్త చోటిచ్చారు.

ఊరికే కూర్చోలేక నేను డిస్కులు తుడవడం మొదలుపెట్టాను. పెద్ద కార్ల డిస్కు ఒకే పలక కాదు. రెండు పలకల మధ్య వరుసగా సన్నని రెక్కలుంటాయి. చక్రం తిరిగినప్పుడు అవి నడిమి నుంచి గాలి పీల్చి అంచుల్లోంచి బయటికి తోస్తాయి. బ్రేకు వేస్తే పుట్టే వేడి ఆ గాలితో పోతుంది. ఆ సందుల్లో మట్టి, తుప్పు పేరుకుంటాయి. మామయ్య వేళ్లు అందులో పట్టవు. నా వేళ్లు సన్నమని ఒక తీగ చేతికిచ్చి, "వేడికి తొవ్వ జెయ్యి. తొవ్వ లేకుంటే అది ఆడ్నే కూసుంటది, బ్రేకు పట్టది" అన్నారు.

అత్తమ్మకు ఇది నచ్చలేదు. "కోడలొస్తే బియ్యంల రాళ్లు ఏరుతదనుకున్న. ఈమె ఇనుములకెల్లి మట్టి ఏరవట్టె" అని దెప్పింది.

"నీ బియ్యంల రాయుంటే పన్ను ఇరుగుతది. గీండ్ల మట్టుంటే పానం వోతది" అన్నారు మామయ్య.

"అన్నిటికి జవాబు తయ్యారుంటది! గా నోటికి గూడ ఒక బ్రేకు బిగిచ్చుకోరాదు?"

ఆయన నవ్వారు. నా చేతిలోంచి తీగ మాత్రం తీసుకోలేదు.

ఒక ఎండాకాలం ఏఎస్ రావు నగర్ నుంచి ఒక డాక్టరమ్మ ఎర్ర స్పోర్ట్స్ కారు తెచ్చింది. రెండే సీట్లు. కూర్చుంటే నేల తగులుతుందేమో అన్నంత కిందికి ఉంది. సెలవు రోజు పొద్దున్నే అవుటర్ రింగ్ రోడ్డు మీద దాన్ని పరుగెత్తించడం ఆమె సరదా.

"మేస్త్రీ గారూ, నాలుగుసార్లు గట్టిగా బ్రేకు వేస్తే చాలు, తర్వాత పట్టడం లేదు. కాలిన వాసన. స్టీరింగ్ కూడా వణుకుతోంది. కొత్త డిస్కులు, ప్యాడ్లు బొంబాయి నుంచి తెప్పించి డిక్కీలో పెట్టాను. రేపు మా అమ్మను శ్రీశైలం తీసుకెళ్తున్నాను."

"ఘాట్ రోడ్డు గదమ్మా. పెద్దామె దీంట్లకు ఎక్కుతదా?"

"ఎక్కుతుంది. దింపడానికే ఇద్దరు కావాలి" అని నవ్వి, సాయంత్రం వస్తానని ఆటో ఎక్కింది.

మామయ్య పాత డిస్కులు విప్పి మందం కొలిచారు. ఇంతకంటే పలచబడితే వాడొద్దని డిస్కు మీదే అంకె చెక్కి ఉంటుంది. ఇవి ఆ అంకె దాటి అరిగిపోయాయి. "ఇంక చెక్కితే రేకే మిగుల్తది. రేకు వేడిని మొయ్యది" అని పక్కన పెట్టారు. ముందు బంపరు కింది నుంచి చక్రాలకు గాలి తెచ్చే గొట్టంలో ఒక పాలిథిన్ కవరు ఇరుక్కుని ఉంటే నేను లాగేశాను. ఆయన బ్రేకు ఆయిలు మార్చారు. డిస్కు ఆనుకునే చోట తుప్పంతా గీకి గుడ్డతో తుడిచారు. కొత్త డిస్కుల ముఖం మీద పాతవాటికి లేని వాలు గీతలున్నాయి. ఆ వాలు చూసి, ఇది కుడి చక్రానికి, ఇది ఎడమకు అని బిగించారు. చక్రాలు ఎక్కించి, చేతులు కడుక్కుని, గోడవైపు తిరిగి టీ తాగుతున్నారు.

నేను పాత డిస్కును తుక్కులో వేయబోతూ చేత్తో తిప్పాను. పొద్దున దాని సందులు తుడిచింది నేనే, రెక్కలు ఎటు వాలి ఉన్నాయో నా వేళ్లకు తెలుసు. కారు దగ్గర వంగి, చక్రం ఊచల మధ్య నుంచి టార్చి వేసి చూశాను. కొత్తదాని రెక్కలు అదే చక్రానికి ఉన్న పాతదానికి ఎదురుగా వాలి ఉన్నాయి. రెండో వైపూ అంతే. కుడిది ఎడమకు, ఎడమది కుడికి పడ్డాయి. అలా తిరిగితే అవి గాలిని సరిగ్గా తోయవు.

ఆయన షెడ్డులో నిలబడి, ఆయన పని తప్పని నేనెలా అనేది? ఇంట్లో తెలిస్తే అత్తమ్మ ఇక గుమ్మం దాటనివ్వదు. అనకపోతే రేపు ఆ తల్లీకూతుళ్లు ఘాట్ దిగాలి.

"మామయ్యా" అన్నాను. గొంతు నాకే వినపడలేదు. మళ్లీ పిలిచాను. "మొన్న మనింట్ల ఆయన కూలర్ రెక్క తిరగేసి బిగిచ్చిన్రు గద... తిరుగుతనే ఉండె, గాలి రాకపాయె."

"అవు. నీ పెనిమిటి నిర్వాకం. నేనే గద సరిజేసిన."

"గిది గూడ గట్లనే ఉన్నట్టున్నది."

ఆయన టీ గ్లాసు కింద పెట్టి ఇటు తిరిగారు. వచ్చి చక్రం పక్కన గొంతుక్కూర్చున్నారు. టార్చి తీసుకుని చూశారు. పాత డిస్కు తెమ్మని పక్కన పెట్టి చూశారు. అవతలి వైపు వెళ్లి చూశారు. నేను గోడకు అతుక్కుపోయాను.

"ఇన్నేండ్లు డ్రమ్ములు సెక్కిన. డ్రమ్ముకు కుడి లేదు, ఎడమ లేదు. దీనికి ఉన్నదని తెలిసి గూడ పైన గీతలు జూసి మోసపోయిన, లోపట సూడలే." లేచి జాకీ లాగారు. "రా బిడ్డా. డిస్కులు నువ్వు ఎక్కియ్యి. బోల్టులు నేను బిగిస్త."

చక్రాలు విప్పి ఉండగానే డాక్టరమ్మ వచ్చింది. "ఇంకా అవలేదా?" అంది. ప్యాడ్లు సరిచేస్తున్నానని ఆయన అంటే సరిపోయేది. నేనూ అదే అంటారనుకున్నాను.

"అయింది డాక్టరమ్మా. కానీ తప్పు జేసిన. కుడిది ఎడమకు బిగిచ్చిన. ఘాట్ల మల్ల గదే వాసన వచ్చేది."

ఆమె ముఖం మారింది. "మరి ఎలా తెలిసింది మీకు?"

"నాకు తెల్వలే. మా కోడలు వట్టుకున్నది."

ఆమె నన్ను చూసింది, కింద డిస్కును చూసింది. "ఏదీ, నాకూ చూపించమ్మా" అని చీర కుచ్చెళ్లు పట్టుకుని నా పక్కన కూర్చుంది. చూపించాను. రెండు మాటలకంటే ఎక్కువ మాట్లాడలేదు, అయినా ఆమెకు అర్థమైంది.

డిపో రోజుల నుంచి మామయ్యకు ఒక నియమం ఉంది. బ్రేకు పని ఎవరు చేస్తే వాళ్లు మొదటి పరుగులో డ్రైవరు పక్కన కూర్చోవాలి. మన పనిని మన ప్రాణంతోనే చూసుకోవాలనేవారు. ఎంత పెద్దవాళ్ల కారైనా ఆయన ఆ సీట్లో కూర్చోవాల్సిందే. ఆ సాయంత్రం ఆయనే తలుపు తీసి పట్టుకున్నారు.

"ఇయ్యాల ఈ సీటు నాది గాదు. ఎక్కు."

"మామయ్యా, నేనా?"

"మల్లెవరు? డిస్కులు ఎక్కిచ్చింది నువ్వు."

కొంగు బిగించుకుని ఎక్కాను. డాక్టరమ్మ బెల్టు పెట్టింది. ఉప్పల్ దాటి ఖాళీ రోడ్డు వచ్చేదాకా మెల్లగా నడిపి, తర్వాత వేగం పెంచి బ్రేకు నొక్కింది. పూర్తిగా ఆపకుండా మళ్లీ వేగం, మళ్లీ బ్రేకు. కొత్త డిస్కుకూ దాన్ని నొక్కి పట్టే ప్యాడ్‌కూ పొత్తు కుదరాలంటే అలాగే చేయాలి. ప్రతిసారీ బెల్టు ఛాతీని అదుముతోంది. స్టీరింగ్ వణకలేదు. చివరికి ఆమె బండి ఆపి, కాలు పెడల్ మీదే అదిమి ఉంచింది. వేడి డిస్కును అలా పట్టి ఉంచితే ప్యాడ్ మచ్చ పడుతుంది.

"కాలు తియ్యుండ్రి మేడం" అన్నాను. "మెల్లగ పోనియ్యుండ్రి. జర గాలి తాకనియ్యుండ్రి."

ఆమె వెంటనే కాలు తీసింది. బ్రేకు అవసరం రాకుండా నెమ్మదిగా వెనక్కి వచ్చాం. కిటికీలోంచి గాలి వస్తోంది, కాలిన వాసన లేదు.

మరునాడు తల్లీకూతుళ్లు శ్రీశైలం వెళ్లి క్షేమంగా వచ్చారు. ప్రసాదం నా చేతికే ఇచ్చారు. ఆ తర్వాత నేను షెడ్డుకు అన్నం గిన్నెతో పాటు నా పని కోసం కూడా వెళ్లాను. అత్తమ్మ దెప్పడం మానలేదు కానీ, ఇంటికి ఎవరైనా వస్తే ఆ కారు కథ ముందు ఆమే చెబుతుంది. ఇప్పుడు షెడ్డు నేనూ, డ్యూటీ లేని వేళ మా ఆయనా చూస్తున్నాం.

దశదినకర్మ రోజు అందరూ ఆయనను ఎలా గుర్తుపెట్టుకుంటారో చెప్పుకున్నారు. నాకు కనపడేది మాత్రం మేం బండితో వెనక్కి వచ్చిన ఆ సాయంత్రం నాచారం రోడ్డు. కంపెనీలు వదిలే వేళ, బస్సులు, ఆటోలు, మోటారు సైకిళ్లు ఒకదాన్నొకటి తోసుకుంటున్నాయి. మా ఎర్ర కారు షెడ్డులోకి తిరగడానికి సందు లేదు. మామయ్య ఆ రద్దీలోకి నడిచి, రోడ్డు నడుమ నిలబడి, నూనె మరకల చెయ్యి పైకెత్తారు. ఒక ఆటో అతను హారను కొట్టి, "ఏంది పెద్దమనిషీ, నడిమిట్ల నిలవడ్డవ్?" అని అరిచాడు.

"జర ఆగు తమ్మీ" అన్నారు మామయ్య, చెయ్యి దించకుండా. "మా కోడలు వస్తున్నది."