బుగ్గన దాచిన కొయినా బిళ్ళ

ఈ వానాకాలం మా చెల్లెలు రూతుకు జ్వరం తగిలితే మనవరాలు ఎక్కడినుంచో నేలవేము పొడి తెచ్చి స్టవ్ మీద మరగబెట్టింది. ఆ చేదు వాసన వంటింట్లోంచి వసారాలోకి వచ్చేసరికి, తొంభైకి దగ్గరపడ్డ నేను ఎనిమిదేళ్ళ పిల్లనై, గురజాల దగ్గర మా పల్లెలో, చెల్లెలు వణుకుతున్న మంచం కోడు పట్టుకుని నిలబడ్డాను. ఒళ్ళంతా ముసలిదైనా ముక్కు మాత్రం కాలేదు కాబోలు.

మాది రాతి నేల. కోతల కాలంలో జొన్నచేలకు, మిగిలిన కాలమంతా రైలుకట్ట పక్కనున్న క్వారీకి పోయేవాళ్ళు మా పేట ఆడవాళ్ళు. పొద్దున్నే గిన్నెలో సంకటి ముద్ద, దాని మీద గోంగూర పచ్చడి పెట్టి, గుడ్డ కట్టి, చేతిలో సుత్తి, బుగ్గన పొగాకుతో, నవ్వుకుంటూ తిట్టుకుంటూ గుంపుగా నడిచేవాళ్ళు. ఆ పొగాకును మా పాస్టరయ్యగారు ప్రతి ఆదివారం తిట్టేవారు, సోమవారానికి అది మళ్ళీ బుగ్గల్లోకి చేరేది. పిల్లలం మేం క్వారీ నుంచి ఏరుకొచ్చిన నున్నటి రాళ్ళతో అచ్చనగాయలాడేవాళ్ళం, మాచర్ల రైలు కూత వినబడితే ఆట వదిలేసి కట్ట దాకా పరిగెత్తేవాళ్ళం. డిసెంబరులో వెదురుబద్దలకు రంగు కాగితం అంటించి క్రిస్మసు చుక్క కట్టేవాళ్ళం, అరిసెల పాకం వాసనకు పొయ్యి దగ్గరే కాపురం పెట్టేవాళ్ళం. రెండో ప్రపంచ యుద్ధం ముదిరాక కిరసనాయిలు దొరక్క ఆ కాగితం చుక్క వెలగకుండానే వాకిట్లో వేలాడింది. నాన్నను అస్సాంలో మిలిటరీ రోడ్ల పనికి తీసుకుపోయారు.

బడి కూడా పాస్టరయ్యగారే చెప్పేవారు. గోడకు ప్రపంచ పటం తగిలించి, యుద్ధంలో ఎవరు ఎక్కడిదాకా వచ్చారో బెత్తంతో చూపించేవారు. ఒకరోజు మా తాత గుమ్మంలో నిలబడి అడిగాడు.

"ఏందయ్యగారూ, మన పల్నాడోళ్ళు కోడిపందెం కాడ కొట్టుకు సచ్చారని లోకమంతా నవ్విద్ది. ఈ దొరలు దేనికోసమంట?"

"దేశాల కోసం తాతా."

"ఆ దేశాల్లో ఉండేటోళ్ళను అడిగారా మరి?"

అయ్యగారు నవ్వి, బెత్తాన్ని పటం మీద ఇంకో చోటికి జరిపారు. జావా అనే దీవిని మాకు చూపించింది కూడా ఆయనే. చలిజ్వరానికి వాడే కొయినా బిళ్ళ, అదే క్వినైను, అక్కడి చెట్ల బెరడుతో చేస్తారని, డచ్చివాళ్ళ చేతుల్లో ఉన్న ఆ దీవిని జపానువాళ్ళు లాక్కున్నారని చెప్పారు. అసలు ఆ తోటలు ఆ ఇద్దరివీ కావని అప్పట్లో మాకు తెలియదు. తెలిసినప్పటి నుంచి నాకు ఈ పెద్ద దేశాల పెద్దరికం మీద గౌరవం పోయింది, ఈనాటికీ తిరిగి రాలేదు.

అంతకుముందు కొయినా పొట్లాలు పోస్టాఫీసులోనే అమ్మేవాళ్ళు. జావా పోయిన మరుసటి ఏడు, వానలు వెనకబట్టాక, పేటలో ఇంటికొకరు మంచం పట్టేసరికి పోస్టాఫీసులో ఒక్క పొట్లం లేదు. ఉన్న మందంతా మిలిటరీకే అన్నారు. నాలుగేళ్ళ రూతుకు రోజు విడిచి రోజు మధ్యాహ్నం చలి వచ్చేది. మూడు గోనెసంచులు కప్పినా పళ్ళు టకటకమనేవి, కాసేపటికి ఒళ్ళు పెనంలా కాలేది. కడుపులో ఎడమపక్క ప్లీహం వాచి, బల్ల పెరిగి, చేతికి గట్టిగా తగిలేది. తాత నేలవేము కాచి పోస్తే పోసినంతా కక్కేది. అదే జ్వరంతో పక్క వీధిలో ఇద్దరు పిల్లలు అప్పటికే పోయారు.

క్వారీలో మాత్రం మందు ఉంది. ఎక్కడో విమానాలు దిగే మైదానానికి మా కంకర పోతోంది కాబట్టి కూలీలు పడకేస్తే పని ఆగిపోతుందని, రోజూ సాయంత్రం పని దిగేటప్పుడు కంట్రాక్టరు మేస్త్రి మనిషికొక బిళ్ళ ఇచ్చేవాడు. తన ఎదుటే మింగాలి, నీళ్ళు తాగి నోరు తెరిచి చూపించాలి, ఇంటికి తీసుకుపోకూడదు. మా అమ్మ ఎస్తేరమ్మ నీళ్ళు తాగేది, నోరు తెరిచేది, పొగాకు ఉండ వెనక బిళ్ళను బుగ్గకు నొక్కిపెట్టేది. కట్ట మలుపు తిరిగాక తీసి కొంగున ముడేసేది. ఇంటికి వచ్చేసరికి ఆ బిళ్ళ అంచులు కరిగి, పొగాకు మరకతో గోధుమరంగుకు తిరిగి ఉండేది. కడిగి, నూరి, పిసరంత తేనెలో కలిపి రూతు నాలుక్కి రాసేది. నాలుగైదు రోజులకు రూతు లేచి కూర్చుని సంకటి అడిగింది. ఆ పూట అమ్మ పొయ్యి ముందు కూర్చుని గట్టిగా ఏడ్చింది. అంతవరకూ ఏడవలేదు.

ఆ సంతోషాన్ని పాడు చేసింది నేనే. ఒకరోజు అమ్మ మరిచిపోయిన సంకటి గిన్నె తీసుకుని మధ్యాహ్నం క్వారీకి పోతే మేస్త్రి మంచిగా పలకరించి, "చెల్లెలికెట్టా ఉందే?" అన్నాడు. "అమ్మ తెచ్చే బిళ్ళతో తగ్గింది" అన్నాను గొప్పగా. ఎనభై ఏళ్ళయినా ఆ మాట గుర్తొస్తే నాలుక కొరుక్కుంటాను.

ఆ సాయంత్రం మేస్త్రి అమ్మను వరుసలోంచి బయటికి లాగి పొగాకు ఉమ్మెయ్యమన్నాడు. ఉమ్మితే పొగాకుతోపాటు బిళ్ళ రాతిమీద పడింది.

"సర్కారు మందు దొంగతనం చేస్తావా? ఇది యుద్ధానికొచ్చిన మందు!"

అమ్మ వంగి బిళ్ళ తీసుకుని తుడుచుకుంది.

"యుద్ధమంటే నాకు తెలవదు. జరం తెలుసు. నా బిడ్డకిస్తే రేపు రాయి కొడతా, లేకపోతే కొట్టను" అని, కంకర గుట్ట మీద కూర్చుని సుత్తి ఒళ్ళో పెట్టుకుంది.

మేస్త్రి ఏదో అనబోతుండగా పక్కనే ఉన్న వెంగమ్మ పిన్ని నోట్లో వేలు పెట్టి తన బిళ్ళ తీసి చూపించింది. "నేనూ మింగలా" అంది. తరవాత ఇంకొకామె, ఆ వెనక మరొకామె. ఇంట్లో పిల్లలున్న ప్రతి తల్లి బుగ్గలోనూ ఒక బిళ్ళ ఉంది. ఒకరి సంగతి ఒకరికి తెలియకుండా, పక్కపక్కనే నడుస్తూ, అందరూ అదే పని చేశారు. అది చూసి ఆ ఆడవాళ్ళు ఒకళ్ళ మొహం ఒకళ్ళు చూసుకుని నవ్వారు, నవ్వుతూనే వచ్చి అమ్మ పక్కన కూర్చున్నారు.

మర్నాడు పొద్దున్నే వచ్చి మళ్ళీ అలాగే కూర్చున్నారు, సుత్తి ఎత్తలేదు. కట్ట మీద వ్యాగన్లు ఖాళీగా నిలబడ్డాయి. మేస్త్రి పోలీసులన్నాడు, జైలన్నాడు. ఎద్దులు కుమ్ముకుంటే లేగల కాళ్ళు విరుగుతాయని, ఎందుకమ్మా మీకు ఈ గొడవని ఊళ్ళో పెద్దమనిషి వచ్చి బుద్ధి చెప్పాడు. "లేగలు తప్పుకోవాలా ఏందయ్యా? ఎద్దుల్ని కట్టేసుకోమని చెప్పు" అంది అమ్మ. పనితోపాటు బిళ్ళలూ ఆగాయి, రెండో రోజు వెంగమ్మ పిన్ని కొడుకు జ్వరంతో పోయాడు. ఆమె పిల్లవాణ్ణి మట్టి చేసి, మర్నాడు పొద్దున్నే వచ్చి తన చోట తను కూర్చుంది. అది చూశాక ఇళ్ళకు పోదామా అని అనుకుంటున్న ఒకరిద్దరు కూడా ఆ మాట ఎత్తలేదు.

ఆ మధ్యాహ్నమే పిల్లలకని వేరే కొయినా మందు డబ్బా వచ్చింది. యుద్ధం గెలవాలంటే కంకర కావాలి, కంకర కావాలంటే మా అమ్మల చేతులు కావాలి. ఆ లెక్క దొరల కంటే ముందు మా అమ్మలకే తెలిసింది. పేటలోని పిల్లలందరినీ క్వారీకి తీసుకుపోయి రాళ్ళ మీద వరుసగా కూర్చోబెడితే మేస్త్రి తన చేత్తోనే మందు పోశాడు. రూతు తన వంతు మందును అతని ఖాకీ నిక్కరు మీద ఉమ్మింది. రెండోసారి పోయక తప్పలేదు. ఆ తరవాత మా యుద్ధం ఆటలో ఇంగ్లీషువాడు, జర్మనీవాడు పోయి, ఒకడు మేస్త్రి అయితే మిగతా అందరం రాయి కొట్టకుండా కూర్చునేవాళ్ళం.

రూతు బతికింది. చెవులు సగం పోయాయి, జ్వరానికో మందుకో చెప్పలేం. నాన్న తిరిగొచ్చాడు. మింగాల్సిన బిళ్ళలు మింగని అమ్మ మాత్రం ఏటా వానలకు మంచం పట్టి, నాకు పందొమ్మిదేళ్ళప్పుడు పోయింది. ఆ యుద్ధంలో చనిపోయినవాళ్ళ లెక్కలో మా అమ్మను కూడా వేసుకుంటాను నేను. ఎవరు కాదన్నా సరే.

ఇప్పుడు ఆ క్వారీ నిండా పచ్చటి నీళ్ళు. చిన్న రైలు పోయి పెద్ద రైలు వచ్చింది. సుత్తులు ఒళ్ళో పెట్టుకుని కూర్చున్న ఆ ఆడవాళ్ళలో ఒక్కరూ లేరు, వాళ్ళ పేర్లు వరుసగా చెప్పగలిగినదాన్ని నేనొక్కదాన్నే మిగిలాను. కషాయం చల్లారేలోపు టీవీలో రెండు పెద్ద దేశాలు ఒకదాన్నొకటి బెదిరించుకుంటున్న వార్తలు వస్తున్నాయి. రూతుకు టీవీ మాటలు వినబడవు గానీ బొమ్మలు చూసి గుర్తుపట్టింది.

"ఏందక్కా, మళ్ళీ మొదలుపెట్టారా?"

"పెట్టారు" అన్నాను చెవి దగ్గర గట్టిగా.

"ఈసారి మనకేం దొరకదంట?"

"ఇంకా చెప్పలా."

"తెలిసినాక చెప్పు. అమ్మ సుత్తి గూట్లోనే ఉందిగా" అని గ్లాసు ఎత్తి, మొహమైనా చిట్లించకుండా, చేదంతా ఒక్క గుక్కలో మింగేసింది.