మామ ఆపిన గుద్దులాట

మామ పోయాడన్న కబురు నాకు ముదిగుబ్బ సంతలో తెలిసింది. గొర్రెపిల్ల బేరం మధ్యలో ఉన్నాను. మా ఊరాయన ఒకడు బస్సు దిగి నేరుగా నా దగ్గరికొచ్చి, "మీ మిలిటరీ మామ తెల్లారుజామున పోయినాడప్పా. నీకు చెప్పి పిల్చుకోని రమ్మన్నారు" అన్నాడు. చేతిలో ఉన్న తాడు గొర్రెలాయనకే ఇచ్చేసి తిరుగు బస్సు ఎక్కాను.

నాకు ఆయన రక్తసంబంధం కాదు. గోడ అవతలి ఇల్లు. మా అమ్మ ఆయన్ని అన్నా అని పిలిచేది, అందుకని మాకు మామ. నూరేళ్లకు దగ్గర పడి పోయాడు, తొందరపడి పోయాడని ఎవరూ అనలేరు. దినాల రోజు నన్ను నాలుగు మాటలు చెప్పమన్నారు. లేచి నిలబడ్డాను. అందరూ నా మొహమే చూస్తున్నారు. కూర్చున్నాను. రాయడం కొంచెం నయం, ఎదురుగా ఎవరూ ఉండరు.

ఊళ్లో ఆయన మీద ఒక మాట ఇప్పటికీ ఉంది. గెలిచేవాణ్ని కావాలని ఓడించాడని. ఆ ఓడినవాణ్ని నేనే. కాబట్టి సంగతి నేనే చెప్పాలి.

రెండో ప్రపంచ యుద్ధం అయిపోయాక మామ మిలిటరీ నుంచి ఒక ఇనుప పెట్టె, తోలు గ్లౌజులు రెండు జతలు తెచ్చుకున్నాడు. అద్దం లేకుండా గడ్డం గీసుకునేవాడు, అరచేత్తో తడుముకుంటూ. ఉతికిన చొక్కాను నాలుగు మడతలు పెట్టి చాప కింద వేసుకుని పడుకునేవాడు. మేం ఎదిగొచ్చాక, వానల్లేక పనుల్లేక అరుగుల మీద కూర్చున్న మా ఈడు వాళ్లను ఎండిపోయిన వంకలోకి తీసుకుపోయి, ఇసుకలో బాక్సింగు నేర్పించాడు. ఊరివాళ్లు దాన్ని గుద్దులాట అనేవాళ్లు. ఎవడికైనా ముక్కు పగిలితే, "ముక్కుకేమిరా, అది ఆన్నే ఉంటాది, యాడికీ పోదు. కండ్లు మాత్రం మూయొద్దు" అనేవాడు. దెబ్బ తగిలినవాడి ముందు కూర్చుని, వాడి గడ్డం పట్టుకుని, కళ్లలోకి చాలాసేపు చూసేవాడు, చూపు నిలుస్తోందో లేదో అని. ఆ చూపు అయ్యేదాకా మళ్లీ ఆడనిచ్చేవాడు కాదు.

అరవైల్లో వరసగా వానలు ఎగ్గొట్టిన కాలం వచ్చింది. ఒక ఎండాకాలం అనంతపురంలో ఒక నూనె మిల్లు యజమాని బాక్సింగు పోటీ పెట్టాడు. గెలిచినవాడికి మిల్లులో కాపలా పని, జీతంతో పాటు నెలకింత జొన్నలు. మా ఇంట్లో అప్పటికే బెంగళూరు కూలికి పోదామన్న మాట నడుస్తోంది. మా నాయనకు దమ్ము, మెట్టు ఎక్కితే ఆయాసం. ఆ పని నాకు దొరికితే ఊళ్లోనే ఉండొచ్చు. దొరక్కపోతే నాయన మట్టి తట్ట మోయాలి. ఇంతే మా లెక్క.

రెఫరీగా మామనే పిలిచారు. ఆ చుట్టుపక్కల ఆ ఆట పద్ధతి తెలిసినవాడు ఇంకొకడు లేడు. సొంతూరి పిల్లోడు ఆడుతున్నాడు, నేను రాను అన్నాడు మామ. మిలిటరీలో చేసినవాడు అన్యాయం చేయడులే అని మిల్లు యజమాని ఒప్పించాడు.

ముందురోజు మామ మా వాకిట్లోకి వచ్చి చెప్పాడు. "రేప్పొద్దున కడుపు కాలీగా ఉండాల. మజ్జిగ తాగు, సాలు."

మా నాయన నవ్వాడు. "కడుపు కాలీగా పెట్టుకునేది మాకు నేర్పియ్యల్లనా బావా? మూడేండ్లాయ, అదే కదా నేర్చుకుంటాండేది."

మామ కూడా నవ్వాడు. అమ్మ మాత్రం నవ్వలేదు.

తెల్లవారేసరికి పొయ్యి మీద కోడికూర ఉడుకుతోంది. ఇంట్లో ఉన్న ఒక్క కోడి అది. అమ్మ ఎక్కడ దాచిందో రాగిపిండి, దాంతో సంగటి గెలికింది. చెల్లెలు వాసనకు లేచి వచ్చి కూర్చుంటే, "నువ్వు బయటికి పో" అంది.

"మామ తినొద్దన్నాడు కదమ్మా" అన్నాను.

"మొగోళ్లకేం తెలుస్తాది. కాలీ కడుపుతో బిడ్డను తన్నులాటకు పంపే తల్లి యాడన్నా ఉండాదా? తిను."

ఆ సంగటి కోసం అమ్మ ఎన్ని పూటలు పస్తు ఉందో నాకు తెలుసు. వద్దని ఎట్లా అంటాను. ముద్ద మీద ముద్ద పెట్టింది, అన్నీ తిన్నాను. గిన్నె అడుగు కూడా నాతోనే నాకించింది.

మిల్లు కళ్లంలో నాలుగు గుంజలు పాతి తాడు కట్టారు. నా ఎదుటివాడు గుంతకల్లు వైపు పిల్లోడు, నాకంటే పొడుగు. వాడి తాలూకు జనం మొదటి నుంచీ మామను ఆడిపోసుకుంటూనే ఉన్నారు. "ఏమన్నా రెఫరీ, మీవోనికి సద్దిమూట కూడా నువ్వే తెచ్చినావా?" అని ఒకడు అరిస్తే అందరూ నవ్వారు. మామ వినిపించుకోలేదు.

మొదటి రౌండు నాదే. ఈ మాట మామే తర్వాత చెప్పాడు. రెండో దాంట్లో వాడి దెబ్బ ఒకటి నా డొక్క కింద తగిలింది. మోకాళ్ల మీద పడ్డాను. పొద్దున తిన్నదంతా అక్కడే కక్కాను, సంగటి, కూర, అంతా. మామ అంకెలు లెక్కపెడుతున్నాడు. లెక్క అయిపోకముందే లేచి చేతులు పైకి పెట్టాను. మామ నా గడ్డం పట్టుకుని కళ్లలోకి చూశాడు.

"బాగుండా మామా. కడుపు తేలికయింది. ఇడ్సు."

ఇంకా చూశాడు. తర్వాత నాకూ వాడికీ మధ్యకొచ్చి రెండు చేతులూ అడ్డం పెట్టాడు. "సాలురా" అన్నాడు. అంతే. పని గుంతకల్లు పిల్లోడికి పోయింది.

ఊళ్లో తలా ఒక మాట అన్నారు. సొంతూరోన్ని గెలిపించాడని పేరొస్తుందని భయపడ్డాడన్నారు. మిలిటరీలో ఎవరో రింగులోనే చచ్చిపోతే చూశాడట, అప్పటి నుంచి పిరికి అన్నారు. ఆ సంగతి నేనొకసారి అడిగాను. "ఎవురూ సావలేదే. ఎవుడు సెప్పినాడు?" అన్నాడు.

అమ్మ ఆ సాయంత్రమే ఆయన గడప ముందు నిలబడింది. "నా కొడుకు పడిపోయినాడా? లేసి నిలబడుకోలేదా? నిలబడుకున్నోన్ని ఓడినాడని ఎట్ల చెప్తివి? అన్నా అన్నా అని నోరార పిలిస్తి కదా, ఇదేనా నువ్వు చేసేది?"

మామ లోపలి నుంచి వచ్చి తల వంచుకుని నిలబడ్డాడు. ఏదో ఒకటి అనేస్తే పోయేది. అమ్మ ఆ రోజు తర్వాత ఆయన్ని అన్నా అని పిలవలేదు.

బెంగళూరు పోయాం. పునాదులు తవ్వే పని. ఆయాసంతో నాయన తట్ట తట్టకూ ఆగేవాడు, మేస్త్రీ తిట్టేవాడు. ఒకరోజు గుంట అంచు విరిగి ఆయన మీద పడింది. మిగతావాళ్లు పైకి దూకారు. నాయన దూకలేకపోయాడు. మట్టి తీసేసరికి ప్రాణం లేదు. ఊరికి తెచ్చే దారి లేక అక్కడే పూడ్చి, అమ్మా, చెల్లెలూ, నేనూ తిరిగొచ్చాం.

ఊరికి వచ్చిన మరుసటి పొద్దు చేనికి పోయాను. బీడుగా ఉంటుందనుకున్నాను. చేనంతా వేరుశనగ సాళ్లు. మేం లేనప్పుడు పడిన ఒక్క వానకు మామ తన విత్తనాలతో మా చేను విత్తాడు. ఆ తర్వాత చినుకు లేదు. చెట్లన్నీ జానెడు కూడా ఎదగక ఎండిపోయి ఉన్నాయి. మామ వంగి ఒక్కొక్క చెట్టే పీకుతున్నాడు. ఒకటి నా చేతికిచ్చాడు. దుమ్ము దులిపి కాయ ఒలిచి చూశాను. లోపల పొట్టు తప్ప ఏమీ లేదు.

ఆ పోటీ సంగతి అప్పటిదాకా నేను ఎత్తలేదు. ఆ పొద్దు మాత్రం అడిగాను. "ఇంగొంచెం సేపు ఇడ్సింటే గెలుస్తాంటినేమో మామా. మా నాయన ఉంటాండెనేమో."

పీకడం ఆపాడు. "ఉంటాండెనేమో" అన్నాడు. చేతుల మట్టి దులుపుకుని, "తెల్దురా. నీ కండ్లలో సూపు నాకు నిలకడగా కనపల్లేదు ఆ పొద్దు. ఇంగో దెబ్బకు గెలుస్తాంటివో, పోతాంటివో. దినామూ అదే తలుచుకుంటాండా" అన్నాడు.

"సంగటి తినకపోయింటే..."

"అది మాత్రం మీ యమ్మకు సెప్పొద్దు." మొదటిసారి ఆయన గొంతు పెరిగింది. "ఆ సంగటి వల్లే ఓడినావని తెలిస్తే, మీ నాయన్ని తానే సంపుకున్యా అనుకుంటాది. నన్నే తిట్టనీ. నాకేమి."

ఆయన మాట మీద నేను అమ్మకు చెప్పలేదు. ఆమె ఆయన్ని తిట్టుకుంటూనే పోయింది. ఇప్పుడు ఆయనా లేడు, అందుకే ఈ నాలుగు మాటలు.

ఆ పొద్దు మేమిద్దరం మాట్లాడుకోవడం అయ్యాక అమ్మ వచ్చింది, బెంగళూరు పోతూ చుట్టాల ఇంట్లో వదిలిపోయిన ఆవుకు వేయడానికి పీకిన చెట్లు మోసుకుపోదామని. మామను దాటుకుని పోయింది. చెట్లన్నీ పోగేసి తాడుతో మోపు కట్టింది. ఎండినవే అయినా పెద్ద మోపు, ఒక్కతే నెత్తికి ఎత్తుకోలేదు. నేను చేని ఆ చివర ఉన్నాను. కొంచెం సేపు అటు చూసింది, ఇటు చూసింది. తర్వాత మోపు పక్కన, మామకు వీపు పెట్టి నిలబడింది. మామ వచ్చి మోపు ఎత్తి ఆమె నెత్తిన పెట్టాడు. అమ్మ రెండు చేతులతో దాన్ని సర్దుకుంది. వెనక్కి తిరిగి చూడకుండా గట్టు మీద నడిచిపోయింది. ఎండు ఆకులు రాలుతూ పోతున్నాయి. ఆమె మలుపు తిరిగేదాకా మామ చేతులు దించలేదు, మోపు ఇంకా తన చేతుల్లోనే ఉన్నట్టు.