ఇంకొక్క చెరువు

మెట్రిక్ పరీక్షలు ముగిసిన మర్నాడు, నలుగురు స్నేహితులం సద్దిమూటలు భుజాన వేసుకుని నల్లగొండ నుంచి ఉత్తరంగా, చెరువు వెంట చెరువు దాటుకుంటూ నడిచాం. మాలో ఒకడు నేతవాళ్ల అబ్బాయి. వాడు మమ్మల్ని ఎక్కడా కూర్చోనివ్వలేదు. మూట దించబోతే చాలు, "ఇంకొక్క చెరువు, గంతే" అంటూ కట్ట దిగి వెళ్లిపోయేవాడు. నాకు ఒళ్లు మండింది. నాలుగో చెరువు దగ్గర మేం ముగ్గురం కూలబడ్డాం. వాడు మాత్రం సద్దిముద్ద చేత పట్టుకుని, కట్ట మీద అటూ ఇటూ తిరుగుతూనే తిన్నాడు.

"జర కూసోరాదుర. కాలేజీల చేరినంక గూడ గిట్లనే తిరుగుతవా?" అన్నాను.

"కాలేజీ యాడిదిరా? రేపటి సంది బాపు జాగాల, మగ్గం గుంతల కాళ్లువెట్టి పొద్దంత కూసునుడే," అన్నాడు వాడు, నీళ్ల వైపు చూస్తూ.

అందరికంటే ముందు నేనే లేచాను. మూట భుజానికెత్తుకుని, "ఇంకొక్క చెరువు," అన్నాను.