అరకు కొండల మీద ఆయిల్ ప్రెషర్

దెయ్యాల కబుర్లంటే నాకు ఒళ్లు మంట. చిన్న విమానాల ఇంజిన్లు బాగుచేసే మెకానిక్కుని. ఏ శబ్దానికైనా ఒక నట్టో బోల్టో కారణమై ఉంటుందనే రకాన్ని.

అరకు, పెదబయలు వైపు అడవి సర్వేకి తిరిగే మా రెండు సీట్ల విమానానికి ఒక తెగులు పట్టుకుంది. కొండల మీద ఎత్తుకు వెళ్లేసరికి ఆయిల్ ప్రెషర్ పడిపోయేది. కిందికి దిగితే మళ్లీ మామూలే. ఆయిల్ అందకపోతే ఇంజిన్ గాల్లోనే బిగుసుకుపోతుంది. ఆ లోయల్లో దిగడానికి చదునైన జాగా కూడా ఉండదు. మర్నాడు పైలట్ మురళి సర్వే మనిషిని ఎక్కించుకుని వెళ్లాలి. విమానం పంపాలా వద్దా అన్నది నా మీదే ఉంది.

ఆయిల్ మార్చాను, ఫిల్టర్ చూశాను, సెన్సర్ కొత్తది వేశాను. నేల మీద ఇంజిన్ బంగారంలా నడిచింది. సరే, పైకి వెళ్లి చూద్దామని మర్నాడు పొద్దున్నే, సర్వే మనిషి రాకముందే, మురళి పక్కన కూర్చున్నాను.

పెదబయలు దాటాక కూడా ప్రెషర్ సూది కదల్లేదు. హమ్మయ్య, సెన్సరే దొంగ అనుకున్నాను. మురళి ఇంకా పైకి ఎక్కించబోతున్నాడు.

అప్పుడు నా హెడ్‌ఫోన్‌లో ఆడవాళ్ల నవ్వులు వినిపించాయి. "ఆగండి బాబూ, ఆగండి! ఎక్కడికెల్తారు?"

చైత్రంలో గిరిజనులు చేసుకునే ఇటుకల పండుగ రోజుల్లో ఏజెన్సీ ఆడవాళ్లు రోడ్డుకి వెదురు అడ్డంపెట్టి, పాడుతూ, వచ్చేపోయే బళ్లను సరిగ్గా ఇలాగే ఆపుతారు. కింద పండుగ జరుగుతున్న మాట నిజమే. కానీ అంత ఎత్తుకి, ఇంజిన్ హోరులో, ఆ గొంతులు ఎలా వస్తాయి? రేడియో చూశాను. అందులో ఎవరూ మాట్లాడటం లేదు.

విన్నావా అని మురళిని అడిగాను.

"ఏటి? నాకేటీ ఇనపడలేదు గురువుగారూ. సూది బాగానే ఉంది కదా, ఎల్దాం" అన్నాడు.

ఎందుకో ఆ సూదిని నమ్మబుద్ధి కాలేదు. "ముందు వెనక్కి తిప్పరా బాబూ" అని కసిరాను.

తిప్పుతుండగానే సూది పడిపోయింది. కిందికి దిగేకొద్దీ కాస్త లేచింది. ఎలాగోలా రన్‌వే మీద వాలాం.

విప్పి చూస్తే, ట్యాంకు నుంచి పంపుకి ఆయిల్ వెళ్లే రబ్బరు గొట్టానికి, క్లిప్పు కింద, వెంట్రుకంత చీలిక ఉంది. పైన గాలి పలచబడ్డప్పుడు పంపుకి ఆయిల్ లాగడం కష్టమై, ఆ చీలికలోంచి గాలి పీల్చుకుంటోంది. ఇంకాస్త ముందుకి వెళ్లి ఉంటే వెనక్కి వచ్చేవాళ్లం కాదు.

మురళి ఆ గొట్టం చేత్తో పట్టుకుని హాంగర్‌లో కూలబడ్డాడు.

"అబద్దమాడాను గురువుగారూ. నాకూ ఇనపడింది. మొన్నటి ట్రిప్పులోనూ ఇనపడింది, ఇలాగే, సూది పడకముందే" అన్నాడు. "సెవుల్లో గొంతులు ఇనపడతన్నాయంటే డాక్టర్లు ఎగరనిత్తారా? ఉజ్జోగం పోద్దని నోరు మూసుకున్నాను."

వాడి చేతిలోంచి ఆ గొట్టం తీసుకుని, కొత్తది బిగించే పనిలో పడ్డాను.

గొట్టం సంగతి ఎవరడిగినా విడమర్చి చెబుతాను. ఆ పిలుపు సంగతి మాత్రం ఇన్నాళ్లయినా నాకు అంతు చిక్కలేదు. ప్రాణాలు నిలబెట్టినవాళ్లకి ఒక్కసారి దండం పెట్టుకోవాలని ఉంది. ఎటు తిరిగి పెట్టాలో తెలియదు.