రాళ్ల సారు ఎత్తని బండ

కృపానందం సారు రాయి కనబడితే ఎత్తి చూడకుండా ఉండలేడు. ప్రొద్దుటూరు కాలేజీలో జువాలజీ పాఠాలు చెబుతూ, బల్లుల మీదా కప్పల మీదా పరిశోధన చేసే ఈ మనిషి చేయి పడని రాయి కడప జిల్లాలో తక్కువ. పెళ్లికి పిలిస్తే పొయ్యిరాయి కదిలించాడు. స్టేషనుకు పిలిపించి "ఎవరి మనిషివి?" అని ఎస్సై నిలదీస్తే, మెట్టు కింది ఇటుక తీసి చూసి, "నలికండ్ల పాము కాపురముంది సార్, ఎవరి జోలికీ రాదు, రాసుకోండి" అన్నాడు. ఎత్తిన రాయిని మళ్లీ ఉన్నచోటే పెట్టి, కింద ఉన్నవాటికి క్షమాపణ చెప్పి మరీ లేచేవాడు.

ఊరికి రెండు పార్టీలున్న ఆ రోజుల్లో ఇది మంచి అలవాటు కాదు. పులివెందుల చుట్టుపక్కల రాళ్ల కింద ఉండేవి బల్లులొక్కటే కాదు.

ఆ సంగతి అలీ అహ్మద్‌కు బాగా తెలుసు. గండి దారిలో గుట్ట మీద, మూడో బండ కింద, బక్కెట్లో ఎనిమిది నాటుబాంబులు దాచింది అతనే. దాచమన్నది అతను కాపలా కాసే చీనీ (బత్తాయి) తోట ఆసామి, ఒక పార్టీకి పెద్దాయన. పంచాయతీ ఎన్నికలకు వారం ఉందనగా, సారు సంచీ తగిలించుకుని ఆ గుట్టకే వచ్చాడు.

"ఆయప్ప బల్లుల కోసరం రాలేదు. అవతలోళ్లు పంపిండారు" అన్నాడు పెద్దాయన. "వెనకాల్నే ఉండు. మూడో బండ జోలికి పోతే నాకు చెప్పు. తర్వాత సంగతి నేను చూసుకుంటా."

మర్నాడే అలీ సారు వెంటపడ్డాడు.

"ఏంది సార్ ఎతకతాండారు?"

"ఎతకడంల్యాప్పా. ఏ రాయి కింద ఎవరుండారో చూస్తాండా."

అలీకి ఆ మాట నచ్చలేదు.

"పుస్తకంలో ఏం రాస్తాండారు?"

"ఆడది ఒకటి, పిల్లలు రెండు. మగోడు పరారీ."

అదీ నచ్చలేదు.

సారు ఒకటో బండ ఎత్తాడు. రెండోది ఎత్తాడు. మూడోదాన్ని చుట్టి పోయి నాలుగోది ఎత్తాడు. ఎత్తితే ఒక అనుమానం. ఎత్తకపోతే వంద.

మూడు రోజులూ అదే వరస. పైగా గుట్ట మీద మేక లేదు, మనిషి లేడు. తన భార్య షంషాద్ కూడా రాలేదు. "గుట్టకు పోవద్దే" అని నెల నుంచి మొత్తుకున్నా, ఎందుకో చెప్పలేక ఊరుకునేవాడు. కారణం చెప్పని మాట షంషాద్ ఏనాడూ వినలేదు.

"మేకల్ను ఏటి పక్కకు తోల్తాండావంట, ఏంది కథ?" అని ఇంట్లో అడిగాడు.

"రాళ్ల సారు ఇంటింటికీ తిరిగి చెప్పినాడు. మూడో బండ కింద రక్తపింజర పిల్లలు పెట్టిందంట. ఎనిమిది."

అలీ దాచిన లెక్కా అదే. పొద్దున్నే గుట్టకు పోయి సారు పక్కన కూర్చున్నాడు.

"సార్, ఆ బండ కింద పింజర ఉందా?"

"ల్యా. వచ్చిన దినమే ఎత్తి చూసినా. పాము మీద నేను చెప్పిన అబద్ధం అదొక్కటే. పాపం, దానికి చెడ్డపేరు తెచ్చినా."

"నేనే పెట్టినానని..."

"మూడు దినాల్నుంచి నా చేతులే చూస్తాండావు. ఆ బండ కాడికొస్తే మాత్రం ఆకాశం చూస్తాండావు."

"మరి స్టేషన్లో చెప్పలేదే?"

"చెప్తే జైలుకు పొయ్యేది నువ్వు. పెట్టమన్నాయన కాదు. నీళ్లలో నానబెట్టు పో, పీడ పోతాది."

అలీ బక్కెట్ తీసుకుని పాపాఘ్ని ఏటి మడుగు దాకా పోయాడో లేదో, సారు చేతులడ్డం పెట్టాడు. "దీంట్లో వద్దప్పా, కప్పలు గుడ్లు పెట్టిండాయి." ఇంకో గుంటకు పోతే, "పిల్లలకు ఇప్పుడే కాళ్లొస్తాండాయి" అన్నాడు.

"సార్, నా చేతిలో ఉండేది ఏందో యాదుందా?"

"ఉంది. మెల్లగా నడువు."

వానలు పడిన నెల. కప్ప లేని నీళ్లు ఎక్కడా దొరకలేదు. చివరికి సారు తాగడానికి తెచ్చుకున్న క్యాను నీళ్లన్నీ బక్కెట్లో గుమ్మరించాడు. పొద్దంతా నానాక ఇద్దరూ కలిసి బక్కెట్‌ను మళ్లీ బండ కిందే పెట్టారు.

ఎన్నికల నాడు పెద్దాయన మనుషులు విసిరితే ఒక్కటీ పేలలేదు. ఎదుటివాళ్లు ముందు పరిగెత్తి, తర్వాత ఆగి, తర్వాత నవ్వారు.

"ఎట్ల తడిసినాయిరా?" అన్నాడు పెద్దాయన.

"చెమ్మకు తడిసినాయన్నా" అన్నాడు అలీ. "ఈ యేడు కప్పలు శానా ఉండాయి."

ఆ తర్వాత నెల రోజుల పాటు చీనీతోటలో కప్ప అరిస్తే చాలు, పెద్దాయన అది ఏ పార్టీదో అన్నట్టు చూసేవాడు.